ఫైలు దారం - ఫోను మాట
(పెన్షనర్ల దినోత్సవ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డిసెంబరు 17 మనకు పండుగ వంటి రోజు. 1982లో ఇదే రోజున సుప్రీంకోర్టు నకారా కేసులో పెన్షను దయాధర్మం కాదు, హక్కు అని తేల్చి చెప్పింది. దాని గురించి నాకంటే బాగా చెప్పగలవారు ఈ వేదిక మీద ఉన్నారు. డి.ఆర్. బకాయిల సంగతి కూడా వారే చూసుకుంటారు. కార్యదర్శి గారు నన్ను పిలిచి, "మీరు మన వాట్సాప్ గ్రూపు గురించి నాలుగు మాటలు చెప్పండి" అన్నారు. ఇంతమంది విద్యావంతులుండగా నన్నే ఎందుకు అడిగారో గ్రూపులో ఉన్నవారందరికీ తెలుసు. తెలియని వారి కోసం ముందు నా తప్పు నేనే ఒప్పుకొని, తరువాత విషయంలోకి వస్తాను.

కిందటి సంవత్సరం ఆషాఢ మాసంలో ఒకనాటి ఉదయం మన సభ్యులొకరు గ్రూపులో శుభవార్త పెట్టారు. ఆయన గ్రాట్యుటీ మీద ఏళ్ళ తరబడి వేలాడుతున్న రికవరీ ఉత్తర్వు రద్దయిందని. నాకు చాలా సంతోషం కలిగింది. కళ్ళజోడు పెట్టుకొని, ఒక్క వేలితో అక్షరం అక్షరం వెతుక్కుంటూ, "ఇన్నాళ్ళకు పీడ విరగడైంది. చాలా సంతోషం. స్వీట్లు ఎప్పుడు?" అని రాశాను. అది రాయడానికి నాకు మూడు నిమిషాలు పట్టింది. పంపించి, ఫోను బల్ల మీద పెట్టి, సంచీ పట్టుకొని రైతుబజారుకు వెళ్ళిపోయాను.

ఆ మూడు నిమిషాలలో ఇంకో మిత్రుడు వేరే వార్త పెట్టాడు. రెండేళ్ళుగా మంచాన ఉన్న ఆయన భార్య ఆ తెల్లవారుజామున కాలం చేసింది. ఆ వార్త కింద మొదట పడ్డ మాట నాది. "ఇన్నాళ్ళకు పీడ విరగడైంది. చాలా సంతోషం. స్వీట్లు ఎప్పుడు?"

ఆ మిత్రుడు నాకు కొత్తవాడు కాదు. 1979 జూన్ 1న విజయనగరం జిల్లా ఏర్పడినప్పుడు బొబ్బిలి, పార్వతీపురం, సాలూరు, చీపురుపల్లి తాలూకాలు శ్రీకాకుళం నుంచి అటు వెళ్ళాయి. వాటి రికార్డు కట్టలు కట్టి లారీకెక్కించిన రోజుల్లో మేమిద్దరం పక్కపక్కన కూర్చొని జాబితాలు రాశాం. ఆ చెల్లెమ్మ చేతి అన్నం నేను ఎన్నిసార్లు తిన్నానో లెక్కలేదు. కబురు తెలిసి పరుగున వెళితే ఆయన మొహం పక్కకు తిప్పుకున్నాడు. దుఃఖంలో ఉన్నాడనుకున్నాను. పన్నెండో రోజు భోజనానికి పిలుపు రాలేదు. తరువాత ఫోను చేస్తే ఎత్తలేదు. ఏడు నెలలు, మహాశయులారా, నలభై అయిదేళ్ళ స్నేహం ఎందుకు తెగిందో తెలియకుండా బతికాను. నాకు ఎవరూ చెప్పలేదు. అందరూ నేను కావాలనే రాశాననుకున్నారు.

ఈ సంఘటన పక్కన పెట్టి, మన పూర్వపు ఉద్యోగంలోకి ఒకసారి వెళ్దాం.

కలెక్టరేటులోనో తాలూకా ఆఫీసులోనో పనిచేసిన వారికి టోటెన్‌హామ్ పద్ధతి అంటే వేరే చెప్పనక్కర్లేదు. మద్రాసు ప్రెసిడెన్సీ కాలంలో ఆ పేరుగల ఐ.సి.ఎస్. అధికారి ఏర్పరచిన పద్ధతి అది. తపాలా రాగానే నంబరు పడుతుంది. పర్సనల్ రిజిస్టరులో ఎక్కుతుంది. దానికి జవాబు వస్తే కొత్త నంబరు వెయ్యం, పాత నంబరు ఎదురుగానే రాస్తాం. వచ్చిన కాగితాలు కరెంటు ఫైలులో పేజీ నంబర్లతో, మన అభిప్రాయాలు నోటు ఫైలులో పేరా నంబర్లతో వరుసగా ఉంటాయి. నోటులో ఏదైనా కాగితం ప్రస్తావిస్తే దాని పేజీ నంబరు వేసి, ఫ్లాగు పెడతాం. ఉత్తరం రాస్తే "విషయం" కింద "సూచిక" అని మునుపటి ఉత్తరం నంబరు, తేదీ తప్పక వేస్తాం. అన్నింటినీ కలిపి దారంతో ట్యాగు వేస్తాం. ముప్ఫై ఏళ్ళ తరువాత ఎవరో కొత్త గుమాస్తా విప్పి చూసినా, ఎవరు ఏ మాటకు ఏ జవాబు చెప్పారో తెలుస్తుంది.

ఈ కంప్యూటరు వారు చేసినదీ అదే. ఇంగ్లీషులో వారు దానిని థ్రెడ్ అంటారు. థ్రెడ్ అంటే దారమే కదా! ఈ-మెయిలు మొదలైన కాలంలోనే ప్రతి ఉత్తరానికీ లోపల ఒక నంబరు, జవాబులో "ఇది ఫలానా నంబరుకు జవాబు" అనే సూచిక ఉండేటట్లు ఏర్పాటు జరిగింది. 1982లో వెలువడిన ఆర్.ఎఫ్.సి. 822 అనే నిబంధన పత్రంలో ఆ రెండింటి ప్రస్తావన ఉంది. 2004లో వచ్చిన జీమెయిలు ఉత్తరం, దాని జవాబులు అన్నీ ఒకే కట్టగా చూపించడం మొదలుపెట్టింది. అంటే మన ఫైలు ట్యాగు యంత్రంలోకి వెళ్ళింది, అంతే.

వాట్సాప్ గ్రూపులో ఈ కట్ట దానంతట అది కట్టుకోదు. అది తపాలా సంచీ వంటిది. ఎవరి ఉత్తరం ముందు వస్తే అది పైన. మనం సూచిక వేస్తేనే దారం ఉంటుంది. వేయకపోతే మన మాట ఎవరి కింద పడుతుందో మన చేతిలో లేదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఈ సంగతి మనకు బాగా అనుభవమైంది. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు పడిపోయి, కరెంటు లేక, ఫోన్లు పనిచేయక రోజులు గడిచాయి. మళ్ళీ సిగ్నలు రాగానే వందల మెసేజీలు ఒక్కసారి దిగాయి. ఒకరు "మా అన్నయ్య ఎలా ఉన్నారు?" అని అడుగుతారు. కింద ఎవరో "క్షేమం" అంటారు. ఎవరు క్షేమం? ఎవరి అన్నయ్య? మా తోటివారొకరు ఆ "క్షేమం" తమదేననుకొని ఊరట చెందారు. మర్నాడు తెలిసింది, ఆ మాట వేరొకరి గురించి అని. దేవుడి దయవల్ల ఆ అన్నగారు బాగానే ఉన్నారు కానీ ఆ రెండో రాత్రి ఆ ఇంట్లో ఎవరూ నిద్రపోలేదు.

ఇంకో సభ్యుడు లైఫ్ సర్టిఫికెట్టుకు ట్రెజరీకి స్వయంగా వెళ్ళాలా అని అడిగారు. కింద "అక్కర్లేదు, వెళ్ళకపోయినా ఫర్వాలేదు" అని పడింది. అది ఎవరింట్లోనో గృహప్రవేశం గురించి వేరొకరికి ఇచ్చిన జవాబు. ఈయన నమ్మి ఊరుకున్నారు. పెన్షను ఆగిపోయింది. మందులకు కూడా కొడుకును అడగవలసి వచ్చింది. 2014 నుంచి జీవన్ ప్రమాణ్ అనే ఏర్పాటు ఉంది, వేలిముద్రతోనో, ఈ మధ్య ముఖం చూపించో సర్టిఫికెట్టు ఇవ్వవచ్చు. ఆ మాట సరైన చోట పడి ఉంటే ఆయనకు ఆ ఇబ్బంది వచ్చేది కాదు.

ఇక సాధనాల సంగతి. మా మనవరాలు నాకు నేర్పినవి, నేను పుస్తకంలో రాసుకున్నవి చెబుతాను. ఎవరికైనా తెలిసినవైతే క్షమించండి.

మొదటిది, రిప్లై. ఎవరి మాటకు జవాబు చెప్పాలో ఆ మాట మీద వేలు పెట్టి కుడివైపుకు జరపండి. ఆ మాట చిన్న పెట్టెలో మీ రాతపైన నిలుస్తుంది. అదే మన "సూచిక". తరువాత ఎవరైనా ఆ పెట్టె మీద నొక్కితే అసలు మెసేజీ దగ్గరకు తీసుకుపోతుంది. అదే మన ఫ్లాగు. ఎవరో రాసిన మాట అర్థం కాకపోతే కోపం తెచ్చుకునే ముందు ఆ పెట్టె నొక్కి చూడండి. పెట్టె లేకపోతే, పైనున్న నాలుగైదు మెసేజీలు, వాటి సమయాలు చూడండి.

రెండవది, పేరు పెట్టి పిలవడం. @ గుర్తు కొడితే సభ్యుల పేర్లు వస్తాయి. కావలసిన పేరు ఎంచుకుంటే వారికి ప్రత్యేకంగా తెలుస్తుంది. నోటు ఫైలులో ఎడమ వైపు మార్జినులో "సూపరింటెండెంటు గారు చూడగలరు" అని రాసినట్టే.

మూడవది, నక్షత్రం. జి.ఓ. కాపీయో, ట్రెజరీ వారి సూచనో వస్తే దానిమీద వేలు కాసేపు ఉంచి నక్షత్రం గుర్తు నొక్కండి. అవన్నీ ఒకచోట చేరతాయి. ఇది మన స్టాకు ఫైలు.

నాల్గవది, పిన్. ముఖ్యమైన ప్రకటనను గ్రూపు పైభాగంలో 24 గంటలో, 7 రోజులో, 30 రోజులో నిలబెట్టవచ్చు. 2023 చివర నుంచి ఈ వసతి ఉంది. ఇది నోటీసు బోర్డు.

అయిదవది, వెతకడం. పైన మూడు చుక్కలు నొక్కితే వెతికే చోటు వస్తుంది. "కమ్యుటేషన్" అనో "ఫ్యామిలీ పెన్షను" అనో తెలుగులోనే కొట్టవచ్చు. రాసినవారు ఏ లిపిలో రాశారో ఆ లిపిలోనే వెతకాలి, అది గుర్తుంచుకోండి.

టెలిగ్రామ్ అనే మరొక దానిలో పెద్ద గ్రూపును విషయాల వారీగా గదులు చేయవచ్చు. వైద్య ఖర్చులు ఒక గది, డి.ఆర్. ఒక గది, శుభాశుభాలు ఒక గది. సెక్షన్ల వారీగా సీట్లు వేసినట్టు. ఫేస్‌బుక్‌లో ఇంకో తిరకాసు. అక్కడ వ్యాఖ్యలు వచ్చిన వరుసలో కాక, అది ముఖ్యమనుకున్నవి ముందు చూపిస్తుంది. "ఆల్ కామెంట్స్" అని మార్చుకుంటేనే అందరి మాటా కనబడుతుంది. ఇక ట్విట్టరు, ఇప్పుడు ఎక్స్ అంటున్నారు, అక్కడ ఒకే మనిషి ఇరవై ముక్కలుగా రాస్తాడు. ఆ ముక్కలను ఒక వ్యాసంగా కలిపి చూపించే థ్రెడ్ రీడర్ వంటి సాధనాలు ఉన్నాయి. మనకు అంత అవసరం లేదు గానీ, పిల్లలు ఆ మాట అంటే ఏమిటో తెలియాలి కదా.

సాధనం ఎంత మంచిదైనా, వాడేవాడికి క్రమశిక్షణ లేకపోతే వ్యర్థం. పర్సనల్ రిజిస్టరు ఉన్న ఆఫీసులో ఫైళ్ళు పోలేదా? కనుక కార్యవర్గానికి మూడు విన్నపాలు. చావు కబురుకు, శుభవార్తకు రిప్లై లేకుండా ఎవరూ ఒక్క ముక్కా రాయరాదని నియమం పెట్టండి. పెన్షను సందేహానికి జవాబు చెప్పేవారు ఆ ప్రశ్నను తప్పక పైన ఉంచాలి, జి.ఓ. నంబరు, తేదీ కూడా వేయాలి. మూడవది, పొద్దున్నే దండలు, దేవుడి బొమ్మలు, "ఫార్వర్డెడ్" అని గుర్తున్న ఊసులు వేరే గ్రూపుకు పంపండి. వాటి కిందే అసలు కాగితాలు పూడిపోతున్నాయి.

ఇక నా కథ ముగిస్తాను. సంక్రాంతికి విశాఖ నుంచి మనవరాలు వచ్చింది. ఇంజనీరింగు చదువుతోంది. "తాతా, ఆ తాతగారు పండక్కి రాలేదేం?" అంది. తెలియదన్నాను. నా ఫోను తీసుకొని, ఆ ఆషాఢం దాకా వెనక్కి వెళ్ళింది. కాసేపు మాట్లాడలేదు. "తాతా, నువ్వు రిప్లై కొట్టకుండా ఊరికే రాసేశావు. ఇదిగో చూడు" అని చూపించింది. ఆయన వార్త 6 గంటల 42 నిమిషాలకు. నా మాట 6 గంటల 43కు. రికవరీ రద్దయిన శుభవార్త 6 గంటల 39కి. ఆ మూడు అంకెలు చూసి నాకు కాళ్ళు వణికాయి.

కనుమ నాడు ఫోను పట్టుకొని వాళ్ళింటికి వెళ్ళాను. గుమ్మంలోనే నిలబడి, ఏమీ మాట్లాడకుండా చేతికిచ్చాను. ఆయన జోడు పెట్టుకొని చూశాడు. పైకి, కిందికి, మళ్ళీ పైకి. ఆయన సూపరింటెండెంటుగా చేసినవాడు, తేదీలూ వరుసా చూడటం ఆయనకు కొత్త కాదు. చివరికి, "కరెంటు ఫైలు చూడకుండానే నోటు రాసీసినానురా. ముప్ఫై ఎనిమిదేళ్ళ సర్వీసులో ఎప్పుడూ సెయ్యలేదు" అన్నాడు. "తప్పు నాదేరా, సూచిక వెయ్యలేదు" అన్నాను. లోపలికి రమ్మన్నాడు. గోడ మీద చెల్లెమ్మ ఫోటోకు దండ ఉంది. దాని ముందు నిలబడి ఏడు నెలల కిందట చెప్పవలసిన మాట అప్పుడు చెప్పుకున్నాను. కోడలు అరిసెలు తెచ్చి పెట్టింది. ఇద్దరం మాట్లాడకుండా తిన్నాం.

ఆ మిత్రుడు ఈ రోజు ఈ సభలో మూడో వరుసలో కూర్చున్నాడు. ఈ సంగతి చెప్పడానికి అనుమతి ఆయనే ఇచ్చాడు. మన వయసులో ఏడు నెలలు చిన్నవి కావు. ఆ మధ్యలో మాలో ఎవరికి ఏమైనా అయి ఉంటే ఆ ఫైలు అలాగే మూసేసేవారు. కాబట్టి జవాబు రాసే ముందు ఒక్క క్షణం వేలు కుడివైపుకు జరపండి. ఎవరి మాటైనా మనసుకు గుచ్చుకుంటే, తెంపుకునే ముందు ఒకసారి ఫోను చేసి అడగండి.