మదుపరులు విన్న మాటల్లో మనమెక్కడ?



కంపెనీ అధిపతులు మదుపరులతో ఏం మాట్లాడితే మహిళా సంఘాలకేమిటని కొందరు అడుగుతున్నారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అనుభవమే దీనికి సమాధానం.

ఎస్.కె.ఎస్. మైక్రోఫైనాన్స్ 1990ల చివర్లో మెదక్ జిల్లా నారాయణఖేడ్ ప్రాంతంలో స్వచ్ఛంద సంస్థగా మొదలైంది. 2005లో లాభాపేక్ష గల ఫైనాన్స్ కంపెనీగా మారింది. 2010లో షేర్ మార్కెట్‌కు వెళ్లింది. దాని వ్యవస్థాపకుడు విక్రమ్ ఆకుల మంచి వక్త. మాకెందుకు అప్పులివ్వరని ఒక పేద స్త్రీ నిలదీసిందనీ, ఆ ప్రశ్నే తనను నడిపించిందనీ ఆయన తరచూ చెప్పేవారు. దానికి తోడు ఒక అంకె: అప్పుల వసూలు దాదాపు 99 శాతం.

ఈ రెండింటినీ కలిపి చూడండి. కథ మదుపరికి మంచి పనికి సాయపడుతున్నానన్న తృప్తినిచ్చింది. అంకె డబ్బెక్కడికీ పోదన్న ధీమానిచ్చింది. 985 రూపాయలకు అమ్మిన షేరు కొద్ది వారాల్లోనే 1,400 దాకా వెళ్లింది.

కానీ ఆ 99 శాతం వెనుక ఏముంది? ఈ అప్పులకు ఆస్తి హామీ అడగరు. ఒకామె కట్టలేకపోతే గ్రూపులో మిగతావాళ్లు కట్టాలి. అందరి ముందూ వారం వారం కిస్తీ. అంటే తాకట్టు పెట్టింది ఆమె పరువును, ఇరుగుపొరుగుతో ఆమె స్నేహాన్ని. ఒక కంపెనీ కిస్తీ కోసం మరో కంపెనీలో అప్పు చేసినా వసూలు వసూలుగానే లెక్కకొస్తుంది.

2010 అక్టోబరులో, వసూళ్ల వేధింపులకు తాళలేక ఆత్మహత్యలు జరుగుతున్నాయన్న వార్తల మధ్య, రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది. వసూళ్లు పడిపోయాయి, షేరు కుప్పకూలింది. 2011 నవంబరులో ఆకుల పదవి నుంచి తప్పుకున్నారు. మదుపరులెంత నష్టపోయారో షేరు ధర రోజూ చెప్పింది. స్త్రీలు పోగొట్టుకున్నదానికి అలాంటి లెక్క లేదు.

ఆయన చెప్పిన కథ అబద్ధమని నేననడం లేదు. పెట్టుబడి లేనిదే లక్షలాది మందికి అప్పులు చేరవన్న వాదననూ కొట్టిపారేయలేం. నా అభ్యంతరం ఒక్కటే. అప్పడిగిన స్త్రీ మాట మదుపరుల దాకా వెళ్లింది. అప్పు తీర్చలేకపోయిన స్త్రీ మాట వెళ్లలేదు.

ఇవాళ లిస్టయిన కంపెనీలు మదుపరులతో జరిపే సంభాషణల పాఠాలు బహిరంగంగానే దొరుకుతున్నాయి. వాటిని సంఘాల్లో తెలుగులో చదివి వినిపిద్దాం. వసూలు, వృద్ధి, సాధికారత అన్న మాట వచ్చిన ప్రతిచోటా ఆగి, మన సభ్యుల అనుభవం అందులో ఉందా అని అడుగుదాం. లేకపోతే ఆ అనుభవాన్ని మనమే రాసి రిజర్వు బ్యాంకుకూ, మదుపరులకూ పంపుదాం.