సొరుగు లాగి చూడండి

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ వైపు పాత పెంకుటిల్లు విప్పితే దూలాలు, దర్వాజలతో పాటు ఒక్కోసారి టేకు బల్ల కూడా అమ్మకానికి వస్తుంది. 'తాతలనాటిది' అంటారు. అననివ్వండి. మీరు మాత్రం సొరుగు బయటికి లాగండి. పైన ఎంత పాలిష్ అయినా పెడతారు, సొరుగు అడుగున ఎవరూ పెట్టరు.

మూలల్లో పలకలు వేళ్లలా ఒకదాంట్లో ఒకటి దూరి ఉంటాయి. ఆ వేళ్లు ఒకటి లావు, ఒకటి సన్నం ఉంటే వడ్లాయన చేతిపని. అన్నీ అచ్చుగుద్దినట్టుంటే మిషన్‌ది. నక్షత్రం గాడి స్క్రూ కనబడిందా? అది 1930ల తర్వాత వచ్చిన సరుకు. మరమ్మతులో పడిందేమో, అడగండి.

గుండ్రటి బల్లయితే టేపుతో రెండు దిక్కులా కొలవండి. కట్టె నిలువునా దాదాపు తగ్గదు, అడ్డంగా కుంచించుకుంటుంది. అందుకే ముసలి బల్ల కాస్త కోడిగుడ్డు వాటంగా మారుతుంది. నాకు అన్నిటికన్నా నచ్చిన పరీక్ష ఇదే. దీన్ని దొంగపాలిష్ దాచలేదు.

చిన్న బెజ్జాల కింద పిండి కొత్తగా రాలుతుంటే పురుగు ఇంకా లోపలే ఉన్నట్టు.

అమెరికాలో ఉన్న కొడుక్కి పంపుదామనుకుంటున్నారా? 1972 నాటి చట్టం ప్రకారం 100 ఏళ్లు దాటిన పనితనపు వస్తువు పురావస్తువు కిందికి రావచ్చు. అలాంటిదాన్ని సొంతంగా దేశం దాటించడానికి వీల్లేదు.