అరుదైన పశుజాతులు: వంశరక్షణ



రాములవారి క్షేత్రమైన రామతీర్థమున శివరాత్రికి పెద్ద జాతర జరుగుట మన ప్రాంతమువారందరు ఎరిగినదే. ఒకనాడు ఇంటిల్లిపాది ఎడ్లబండ్లు కట్టుకొని ఆ జాతరకు వచ్చెడివారు. ఇప్పుడు బస్సులు, ఆటోలు వచ్చినవి. పొలములోనికి ట్రాక్టరు దిగినది. పనిలేని ఎద్దును ఎవరు మేపుదురు? మేపనిచో ఆ ఎద్దును కన్న జాతి ఏమగును?

ఈ గతి గుఱ్ఱమునకు ముందే పట్టినది. తెలుగుదేశపు పేరు గల గుఱ్ఱపుజాతి లేనే లేదు. మన రాజులు గుఱ్ఱములను ఓడలపై తెప్పించుకొన్నవారు. 1244 నాటి గణపతిదేవుని మోటుపల్లి అభయశాసనమున ఓడసరుకులలో గుఱ్ఱములును పేర్కొనబడినవి. మంగోలియాలోని ప్రజెవాల్స్కీ గుఱ్ఱము 1960 దశకము చివరికి అడవిలో కనుమరుగయ్యెను. జంతుశాలలలో మిగిలినవన్నియు సుమారు డజను గుఱ్ఱముల సంతతియే. 1980లో గడ్డకట్టించి దాచిన ఒక మగగుఱ్ఱపు కణముల నుండి 2020లో అమెరికాలో ఒక పిల్లను పుట్టించిరి. గుఱ్ఱములను పోతపోయు యంత్రము దొరకినదని సంతోషింపరాదు. మందలో అడుగంటుచున్న కొన్ని వంశలక్షణములను తిరిగి తెచ్చుటలోనే ఆ పిల్ల విలువ ఉన్నది. మన బికనీరులోను 2023లో పిండమార్పిడి వలన మార్వాడీ పిల్ల పుట్టినది.

ఇచట ఒక చిన్న లెక్క. ఒక ఊరిలో నూరు ఆవులు, ఒక ఆబోతు ఉన్నవనుకొందము. చూపునకు నూటొక్క పశువులు. వంశవైవిధ్యము దృష్ట్యా అది రెండు ఆడవి, రెండు మగవి గల మందతో సమానము. ఏలన, పుట్టు ప్రతి దూడలోను సగము ఆ ఒక్క ఆబోతుదే. మరుతరమున తోబుట్టువులే జతగూడును. ఆబోతులు అయిదైనచో ఆ నాలుగు పందొమ్మిదికి పెరుగును. మేత ఖర్చు పెరిగినది నాలుగు పశువులకే. మంద బలము మాత్రము దాదాపు అయిదింతలైనది.

చిత్తూరు సీమలోని పుంగనూరు ఆవునకు ఈ ఆపద ప్రత్యక్షముగా వచ్చినది. మూడడుగులకు మించని ఎత్తు, కొద్దిపాటి మేత, వెన్న గల పాలు. అన్య జాతులతో సంకరము చేయుటచే స్వచ్ఛమైనవి కొలదిగా మిగిలినవి. పలమనేరు పరిశోధనాస్థానమున ఒక మందను నిలిపిరి. 2020లో ఆరంభించిన పథకమున పిండమును గాజునాళికలో రూపొందించి, వేరొక ఆవు గర్భమున నిలుపు పద్ధతిని చేపట్టిరి.

ఇప్పుడు చిక్కు వేరొకటి. పొట్టి ఆవు ముచ్చటగా నుండుటచే గిరాకి పెరిగి, కనబడిన పొట్టిదానినెల్ల పుంగనూరని అమ్మువారు బయలుదేరిరి. నా అభిప్రాయమున ఈ ముద్దు మునుపటి నిర్లక్ష్యముకంటె తక్కువ ప్రమాదకరము కాదు. పొట్టిదనము ఒక లక్షణము మాత్రమే. ఎండకు ఓర్చుట, అల్పాహారముతో బ్రతుకుట కంటికి కనబడవు. జన్యుపరీక్ష ఆ పశువులో ఏ జాతి పాలెంతయో, ఏ రెండింటికి దగ్గరి చుట్టరికమో చెప్పగలదు. కొనువారు ఎత్తును కొలుచుటకు ముందు తల్లిదండ్రుల వివరము అడుగవలెను.

ఒంగోలు గిత్త కథ చిత్రమైనది. 19వ శతాబ్దిలో ఓడలెక్కి బ్రెజిలు చేరిన ఆ జాతి అక్కడ మన నెల్లూరు పేరుతోనే కోట్లకు పెరిగినది. 2012లో మూపురపు పశువుల జన్యుక్రమమును తొలిసారి చదివినది ఆ మందలోని గిత్త నుండియే. పరాయి దేశమువారు లెక్క వ్రాసికొనిరి, మనము వ్రాసికొనలేదు!

మనకు ఇరుగుపొరుగున గంజాములో ఘుముసరి, మల్కనగిరిలో మోటు అను జాతులకు పేరున్నది. మన ఊరి ఆవును మాత్రము ‘నాటు’ అని ఊరకుందుము. మేలైన కోడెదూడలన్నిటికి విత్తు కొట్టించి, మిగిలినదానిని ఆబోతుగా విడుచుట మన అలవాటు. దీనిని మార్చుటకు ప్రయోగశాల అక్కరలేదు. రామతీర్థము ఆబోతు రెండేండ్లకొకమారు నెల్లిమర్లకు, అచటిది పూసపాటిరేగకు, అక్కడిది ఇచటికి రావలెను. ఏ దూడ ఏ ఆబోతునకు పుట్టినదో పశువుల ఆసుపత్రి పుస్తకమున వ్రాయించవలెను.