గణితము నేర్పువారికి గణిత పరీక్ష

ఉపాధ్యాయులు కాగోరు యువకులను మేము తరచుగా ఒక చిన్న లెక్క అడుగుచుందుము: "ఒకటి ముప్పావును అరతో భాగించినచో ఎంత?" పలువురు భిన్నమును తలక్రిందులు చేసి, గుణించి, "మూడున్నర" అని చెప్పుదురు. సరియే. "దీనికి తగిన కథ యొకటి కల్పింపుడు" అన్నప్పుడే చిక్కు వచ్చును. "ఒకటి ముప్పావు రొట్టెను ఇద్దరికి సమముగా పంచితిమి" అని యొకరందురు. అది రెంటితో భాగించుట; అరతో భాగించుట కాదు. ఇద్దరికి పంచిన రొట్టెలో ఒక్కొక్కరికి ఒకటి కూడ రాదు. మూడున్నర ఎట్లు వచ్చును?

ఈ ప్రశ్న మా సొంతము కాదు. అమెరికాలోని మిచిగన్ స్టేట్ విశ్వవిద్యాలయమున రూపొందిన ఈ ప్రశ్నను లిపింగ్ మా అను విదుషి 23 మంది అమెరికా ఉపాధ్యాయులకును, 72 మంది చైనా ఉపాధ్యాయులకును ఇచ్చి, ఫలితములను 1999లో గ్రంథముగా ప్రకటించినది. అమెరికా వారిలో లెక్కను పూర్తిగా సరిగా చేసినవారు 9 మంది. తగిన కథ చెప్పినది ఒక్కరే. చైనా వారందరును లెక్క చేసిరి; 65 మంది సరియైన కథలు చెప్పిరి. చదువుకొన్న సంవత్సరములు అమెరికా వారికే ఎక్కువ. కనుక పట్టము వేరు, పట్టు వేరు.

మన దేశమున 2010 ఆగస్టు 23 నాటి ప్రకటనతో ఉపాధ్యాయ అర్హతా పరీక్ష ఏర్పడినది. ఒకటి నుండి అయిదు తరగతులకు బోధింపగోరువారికి 150 ప్రశ్నలు నిర్ణయించిరి. అందు గణితమునకు 30. నూటికి 60 వచ్చినచో, అనగా 90 మార్కులు తెచ్చుకొన్నచో, ఉత్తీర్ణత. 2011లో మొదలైన కేంద్ర పరీక్షలో విభాగమునకు విడిగా కనీస మార్కు పెట్టలేదు. కాగా, మిగిలిన నాలుగు విభాగములలో 120కి 90 తెచ్చుకొన్నవాడు గణితమున సున్న వచ్చినను గట్టెక్కవచ్చును! పైగా ప్రశ్నకు నాలుగేసి జవాబులు. తప్పునకు కోత లేదు. కన్నులు మూసికొని గుర్తించినను 30లో సగటున ఏడెనిమిది తగులును.

పరీక్ష వలదని మా మాట కాదు. జవాబు తెలియుట మొదటి మెట్టు. జవాబు ఏల వచ్చినదో తెలియుట రెండవది. పిల్లవాడు ఎచట తడబడినాడో కనిపెట్టుట మూడవది. "చుట్టుకొలత పెరిగినచో వైశాల్యమును పెరుగును గదా" అని బాలిక యొకతె అడిగినదనుకొందము. నాలుగేసి గజముల చదరపు పెరటికి చుట్టుకొలత 16 గజములు, వైశాల్యము 16 చదరపు గజములు. పది గజముల పొడవు, ఒక గజము వెడల్పు గల పెరటికి చుట్టుకొలత 22 గజములు, వైశాల్యము 10 చదరపు గజములే. ఈ ఉదాహరణ అప్పటికప్పుడు స్ఫురించువాడే గురువు. అతనిని గుర్తించుటకు గుర్తులు పెట్టు కాగితము చాలదు. నల్లబల్ల యెదుట నిలిపి పది నిమిషములు మాటలాడింపవలెను.

తప్పిన వారిని అవమానింపరాదు. వారికి ఆ సూత్రము నేర్పినవారును కారణము చెప్పి యుండరు. శిక్షణ కాలమున ఆ లోటు పూరింపవలసినది మనమే. లేనిచో అది మరియొక తరమునకు దిగును.

ఇంతకును ఆ కథ యేమి? ఒకటి ముప్పావు లీటరు నూనెను అరలీటరు సీసాలలో పోయుడు. మూడు సీసాలు నిండును. నాలుగవది సగము నిండును. ఈ రాత్రి మీ వంటయింట చేసి, పిల్లలకు చూపుడు.