బట్టతల మాత్ర: దాఁచరాని మందు



మగవారి బట్టతల చాలవఱకు వంశానుగతము. డైహైడ్రోటెస్టోస్టిరోను అను హార్మోను ప్రభావమున వెండ్రుకల కుదుళ్లు క్రమముగా క్షీణించును. ఆ హార్మోను పుట్టుకను తగ్గించునదియే ఫినాస్టిరైడు మాత్ర. అమెరికాదేశమున 1992లో 5 మిల్లీగ్రాముల మాత్రకు ప్రోస్టేటుగ్రంథి పెరుగుదలకై అనుమతి లభించెను. 1997లో 1 మిల్లీగ్రాము మాత్రకు బట్టతలకై లభించెను. మందొకటే, మోతాదు వేఱు.

ఈ మందును నేను నిందింపను. వైద్యుని చీటి లేక, ఇంటివారికిఁ దెలియక మ్రింగుటయే నాకు భయము. విఱిగిన మాత్రను గాని పొడిని గాని గర్భవతి తాఁకరాదు; గర్భమందలి మగశిశువు జననాంగములకు వైకల్యము కలుగవచ్చును. ఈ మాత్ర వాడువారు రక్తదానము చేయరాదు. మానిన పిదప నొక నెల యాగవలెను. ప్రోస్టేటు క్యాన్సరును పసికట్టుటకుఁ జేయు పి.ఎస్.ఏ. పరీక్షలో, ఈ మాత్ర వాడువారి యంకె సుమారు సగమునకుఁ దగ్గును. వైద్యునికిఁ జెప్పకున్న, రోగమున్నను లేనట్లు తోఁచవచ్చును.

కొందఱికిఁ గామేచ్ఛ తగ్గును. మనోవిషాదము, ఆత్మహత్యాచింతయుఁ గలుగవచ్చును. అట్టి దుశ్చింత తోఁచినచో మాత్ర నాపి వెంటనే వైద్యునిఁ జూడవలెను.

ఫలము కనఁబడుటకు మూఁడు మాసములైనఁ బట్టును. మానినచో నేఁడాదిలోపల వచ్చిన వెండ్రుకలు పోవును.

అయ్యా, బట్టతలను మనము పరిహసించుటచేతనే పిల్లలు మందును దాఁచుచున్నారు. పరిహాసము మానుఁడు; వారు నిజము చెప్పుదురు.