మానవశాస్త్రము - పల్లె విద్యార్థి
(గ్రంథాలయ రజతోత్సవ సభలో గావించిన ఉపన్యాస పాఠము)



ఇంటరు ముగిసిన పిల్లవాడు డిగ్రీలో మానవశాస్త్రము చదివెదనన్నచో పెద్దలు మొదట అడుగు ప్రశ్న ఒక్కటే: "అది చదివిన ఏమి ఉద్యోగము వచ్చును?" తొమ్మిది నెలలు పసుపు చేనిని కనిపెట్టుకొని, ఆ సొమ్ముతో బిడ్డను చదివించు రైతు అడుగదగిన ప్రశ్నయే అది. అయితే ధర అడుగుటకు ముందు సరుకును చూడవలయును గదా!

మానవశాస్త్రమనగా మనుష్యుని అన్ని వైపులనుండి పరిశీలించు శాస్త్రము. మనుష్యదేహము ఎట్లు పరిణమించినది? పూర్వుల రాతిపనిముట్లు ఏమి తెలుపుచున్నవి? భాష ఎట్లు మారుచుండును? బంధుత్వము, పెండ్లి, పూజ, పని, పంపకము ఏ నియమములపై నడచును? ఈ నాలుగు ప్రశ్నలకు నాలుగు శాఖలు. ఎముకలను గుర్తించుటయు, ఊరిలో నివసించి కుటుంబముల వంశవృక్షములు వ్రాయుటయు విద్యార్థి నేర్చుకొనవలసిన పనులే.

ఇంటిలోని పిలుపులనే తీసికొనుడు. పెదతండ్రి, పినతండ్రి పిల్లలు అన్నదమ్ములు, అక్కచెల్లెండ్రు. మేనమామ పిల్లలు బావలు, బావమరదులు, వదినెలు, మరదండ్రు. ఆంగ్లభాషలో వీరందరికిని కలిపి ఒక్కటే మాట. తెలుగింటి పసిపిల్లకు తెలిసిన ఈ భేదము అమెరికా న్యాయవాది లూయీ హెన్రీ మోర్గనును ఆకర్షించెను. 1871లో వెలువడిన తన బృహద్గ్రంథమున ఆయన తమిళ, తెలుగు, కన్నడ బంధుత్వ పదములను పట్టికలుగా చేర్చి, అమెరికాలోని సెనెకా ఆదివాసుల పిలుపులతో పోల్చెను. ఆ పోలికనుండి ఆయన తీసిన చారిత్రక నిర్ణయములు నిలువలేదు. కాని పిలుపు వెనుక సమాజపు కట్టుబాటు ఉండునను విషయము శాస్త్రమునకు పునాదిగా మిగిలినది.

ఈ శాస్త్రమునకు మచ్చయు లేకపోలేదు. మద్రాసు మ్యూజియము అధికారియైన ఎడ్గార్ థర్‌స్టన్ జనుల తలలను, ముక్కులను కొలిపించి, 1909లో ఏడు సంపుటములలో దక్షిణదేశపు కులములను, తెగలను వర్ణించెను. 1871నాటి నేరస్థ జాతుల చట్టము కొన్ని తెగలకు పుట్టుకతోనే నేరమంటగట్టెను. అది 1952లో గాని రద్దు కాలేదు. కొలిచినవారు ఒకరు, కొలువబడినవారు మరొకరు. కొలువబడినవారి మాటకు ఆ కాగితములలో చోటు లేదు.

వేరొక త్రోవయు కలదు. దానికి సాక్ష్యము గోదావరి కావలి ఆదిలాబాదు అడవులలోనే లభించును. 1940లో కొమురం భీము జోడేఘాట్‌లో ప్రాణములర్పించిన పిదప, గోండుల కష్టములకు మూలమేమో విచారించు పనిని నైజాము ప్రభుత్వము ఆస్ట్రియా దేశీయుడైన హైమెన్‌డార్ఫ్‌కు అప్పగించెను. ఆయన భార్య బెట్టీతో కూడ మార్లవాయి గ్రామమున కాపురముండి వారి బ్రతుకును తెలిసికొనెను. భూమి చేజారుటయే వారి దుఃఖమునకు మూలమని గ్రహించి, పట్టాలకై పాటుపడెను. మార్లవాయిలో గోండు ఉపాధ్యాయుల శిక్షణకేంద్రము వెలసినది, గోండి భాషలో వాచకములు తయారైనవి. 1987లో మరణించిన బెట్టీ సమాధి నేటికిని మార్లవాయిలోనే ఉన్నది. శాస్త్రము ఒక ఊరికి బంధువైన తీరు ఇది.

అడవితెగలే కాదు, సామాన్యమైన పల్లెయు ఈ శాస్త్రమునకు విషయమే. హైదరాబాదు సమీపమున గల షామీర్‌పేటను ఉస్మానియా విశ్వవిద్యాలయ విద్యార్థుల తోడ్పాటుతో శ్యామాచరణ దూబే పరిశీలించి, 1955లో ప్రకటించిన గ్రంథము లోకప్రసిద్ధమైనది. అందు అద్భుతములు లేవు. ఎవరు ఎవరి పొలములో పనిచేయుదురు, ఎవరు ఎవరింట భుజింపరు, పండుగకు ఎవరు ఏమి తెత్తురు అను సంగతులే కలవు.

భీమ్‌గల్ ప్రాంతమున అట్టి సంగతులకు కొదవయా? పసుపు ఎకరమునకు ఎంత పండునో వ్యవసాయ శాస్త్రజ్ఞుడు చెప్పును. అంగడిలో ఎంత పలుకునో వర్తకుడు చెప్పును. త్రవ్వి, ఉడుకబెట్టి, ఆరబెట్టు చేతులు ఎవరివి, ఆడకూలికి మగకూలికి తేడా ఏల, అమ్మకపు సరుకైన కొమ్మే పెండ్లిలో మంగళద్రవ్యమెట్లైనది అని అడుగువాడు మానవశాస్త్ర విద్యార్థి. కార్తికమున లింబాద్రిగుట్ట జాతరకు వచ్చు జనము, తండాలలోని బంజారా ముసలివారి పాటలు, బీడీలు చుట్టు తల్లుల దినచర్య, గల్ఫు దేశములకు పోయినవారి ఇండ్లలో మారిన పెత్తనము - ఇవన్నియు అతని పాఠములే. చెప్పగల ముసలివారు ఏటేట తగ్గుచున్నారు. పోయిన నోటిమాటను ఏ విశ్వవిద్యాలయమును తిరిగి తేజాలదు.

ఇక ఉద్యోగపు మాట. డిగ్రీ ఒక్కదానితో నేరుగా లభించు కొలువులు కొద్దియేనని దాచక చెప్పవలెను. పైచదువునకు సిద్ధపడినవారికే ఇది నప్పును. విశాఖపట్టణమున ఆంధ్ర, తిరుపతిలో శ్రీ వెంకటేశ్వర, రాజధానిలో హైదరాబాదు విశ్వవిద్యాలయములందు ఈ విభాగములు కలవు. ఇందిరాగాంధీ సార్వత్రిక విశ్వవిద్యాలయము దూరవిద్యగా కూడ బోధించుచున్నది. 1945లో నెలకొన్న భారత మానవశాస్త్ర సర్వే, గిరిజన పరిశోధనసంస్థలు, మ్యూజియములు, ఆరోగ్య కార్యక్రమములు ఇట్టివారిని కోరును. సివిల్ సర్వీసుల ప్రధాన పరీక్షలో ఇది ఐచ్ఛిక విషయము. ఉద్యోగము వేరైనను, ఎదుటివాని మాటను తీర్పు చెప్పక మునుపు పూర్తిగా వినుట నేర్చినవాడు ఉపాధ్యాయుడైనను, వైద్యుడైనను, తహసీలుదారైనను జనులకు మేలే చేయును.

గ్రంథాలయమున ఊరివారు ఇతరులు వ్రాసిన గ్రంథములను చదువుదురు. ఒక అరపై ఊరివారే వ్రాసిన పుస్తకములు కూడ చేరవలెను. అందుకు డిగ్రీ వచ్చువరకు ఆగనక్కరలేదు. ఒక నోటుపుస్తకము, ఓపిక, ముసలివారి యెదుట వినయముగా కూర్చుండు గుణము చాలును. ఇంతకాలము ఇతరులచే వ్రాయబడిన పల్లెలు తమ కథను తామే వ్రాసికొనుగాక! స్వర్ణోత్సవము నాటికి ఆ అర నిండుగాక!