బాటసారి ఏ విభక్తిలో నున్నాడు? (డొక్కా సీతమ్మగారి స్మారకోపన్యాసము)



అన్నదానమునకు పేరుగాంచిన ఇల్లాలి స్మారకసభలో వ్యాకరణప్రసంగ మేమిటని మీలో కొందరికి తోచవచ్చును. సీతమ్మగారు వైయాకరణులు కారు. కాని పై ఊరినుండి వచ్చిన మనిషిని వాక్యములో ఏ స్థానమున నిలుపవలెనో ఆమెకు తెలిసినంతగా మన పత్రికలకు గాని, ప్రకటనఫలకములకు గాని, గోదావరి గట్టున గదులు అద్దెకిచ్చుకొను మనకు గాని తెలియదని నా అభిప్రాయము. ఆ ఒక్క సంగతినే నేడు విన్నవించెదను.

అట్టి మనిషిని పిలుచుటకు మనకు మాటల కరవు లేదు. అతిథి, అభ్యాగతుడు, బాటసారి, యాత్రికుడు, చుట్టము అనునవి పాతవి. పర్యాటకుడు ప్రభుత్వపు బోర్డులమీద పుట్టి అక్కడనే పెరుగుచున్న మాట. వాకిట నిలిచి ఏ పిల్లవాడును “అమ్మా, పర్యాటకులొచ్చారు” అని కేకవేయగా నేను వినలేదు. టూరిస్టు అట్లు కాదు. పడవ నడుపువానికి, కొబ్బరిబొండములు కొట్టువానికి, ఆటోవానికి అది నోట నలిగిన మాట. అది ఇంగ్లీషునుండి వచ్చినదని నాకు కినుక లేదు. రైలును బస్సును ఇముడ్చుకొన్న భాషకు టూరిస్టు ఒక బరువు కాదు. నా ఆక్షేపణ పదముమీద కాదు, ఆ పదమును మనము కూర్చుచున్న వాక్యముమీద.

చిన్నయసూరి బాలవ్యాకరణము వెలువడినది 1858లో. అందలి విభక్తులను బాల్యమున వల్లెవేసినవారు ఈ సభలో ఇంకను కొందరుందురు. కొఱకున్, కై అనునవి చతుర్థి. వలనన్, కంటెన్, పట్టి అనునవి పంచమి. సంస్కృతవైయాకరణులు చతుర్థికి చెప్పిన ముఖ్యార్థము సంప్రదానము, అనగా ఎవని కుద్దేశించి ఇచ్చుచున్నామో వాడు. ఇక మన నిత్యవ్యవహారమును గమనింపుడు. “ఎవరైనా వస్తారేమో, వాళ్ళ కోసం ఇంకో గిద్దెడు బియ్యం పొయ్యి” అని మా నాయనమ్మల తరము వంటయింట పలికిన వాక్యములో, ముఖమైనను తెలియని ఆ రాబోవువాడు చతుర్థిలో నున్నాడు. “టూరిస్టుల వల్ల ఈ ఏడు బాగానే ఉందండి” అని నేడు రేవుగట్టున వినవచ్చు వాక్యములో అదే మనిషి పంచమికి జారినాడు. వాని కొరకు మన మేమి చేయుదుము అను ప్రశ్న పోయి, వాని వలన మన కేమి వచ్చును అను లెక్క మిగిలినది.

సీతమ్మగారు 1841లో మండపేటలో జన్మించిరి. వచ్చినవారికెల్ల అన్నము పెట్టుటచేత ఆమె తండ్రిగారిని ఊరివారు బువ్వన్న అని పిలిచెడివారట. ఊరు పెట్టిన బిరుదులలో ఇంతకంటె నిక్కమైనది నే నెరుగను. కోనసీమలోని లంకల గన్నవరమున డొక్కా జోగన్నగారి ఇల్లాలై, 1909లో కన్నుమూయువరకు ఆమె పొయ్యి ఆరనీయలేదు. ఆ గ్రామపు ఉనికి తలచుకొన్న ఆ పనిలోని కష్టము బోధపడును. కోనసీమ నాలుగు దిక్కుల నీటితో చుట్టబడిన నేల. నేటి వంతెనలు లేని ఆ దినములలో అంతర్వేది తీర్థమునకో, బంధువుల ఇంటి శుభకార్యమునకో బయలుదేరినవాడు పాయ పాయకు రేవు దాటవలెను, పడవకై వేచియుండవలెను, వరద వచ్చినచో ఏ గట్టుననో చిక్కుపడవలెను. అట్టివానికి ఆకలి వేళ చూచి వేయదు. ఆమె ఇంట విస్తరి వేళగానివేళ పడెడిది అందుకే.

ఒకమారు ఆమె తానే అంతర్వేది నరసింహస్వామి దర్శనార్థము పల్లకిలో పోవుచుండగా, త్రోవలో ఎవరో ఆకలిగొన్న పిల్లలను “ఇంకాస్త ఓర్చుకోండి, సీతమ్మగారి ఊరు దగ్గరకొచ్చేశాం” అని సముదాయించుట విని, పల్లకి వెనుకకు మరలించి ఇల్లు చేరి వారికి వండిపెట్టెనని కోనసీమలో నేటికిని చెప్పుకొందురు. ఏడవ ఎడ్వర్డు చక్రవర్తి పట్టాభిషేకోత్సవమునకు పిలుపు వచ్చినను ఆమె పోలేదన్న వృత్తాంతము దీనికంటె ఎక్కువ ప్రచారమందినది గాని, నా కీ పల్లకికథయే మిన్న. స్వామిని చూడబోయిన యాత్రికురాలు నడుమ త్రోవలో ఆతిథేయిగా మారినది. వాక్యములో తాను కర్తగా నుండియు తన ప్రయాణమును విడిచి, అన్యుని చతుర్థిలో నిలిపినది.

పాతకాలమంతయు ఇట్లే ఉండెనని పొగడుటకు నేను సిద్ధముగా లేను. మన సత్రములు పెక్కు కులమునుబట్టి వెలసినవి; కొందరికి పంక్తి, కొందరికి అరుగు, కొందరికి అరుగు సహితము లేదు. మన ప్రాంతమున కొత్తవారిని పలుకరించు “మీరెవరి తాలూకండీ?” అను ప్రశ్నలో ఆదరమెంత కలదో ఆరాయు బుద్ధియు అంతే కలదు, జవాబునుబట్టి మంచమో చాపయో తేలిపోయెడిది. సీతమ్మగారు ఆ ప్రశ్న అడుగక కులభేదము చూడక పెట్టిరని ప్రతీతి, ఆమెను స్మరించుట కది యొక్కటియే చాలును. ఈ విషయమున టూరిస్టు అను మాటకు ఒక సుగుణమున్నదని ఒప్పుకొనక తప్పదు: దానికి కులము లేదు. టిక్కెట్టు కొన్నవానిని ఎవరి తాలూకా అని ఎవరును అడుగరు. అతిథి అను పవిత్రశబ్దము నూరేండ్లలో చేయలేని పనిని రొక్కము చేసినది. అది చేసినదని సంతోషింతును, చేయుటకు రొక్కమే కావలసెనే అని సిగ్గుపడుదును.

అయినను ఆ మాటకు పట్టిన అసలు దుర్గతి వేరు. టూరిస్టు బస్సు, టూరిస్టు బోటు, టూరిస్టు సీజను అని మన మనునప్పుడు ఆ మనిషి నామవాచకముగా నైనను మిగులక, బస్సునకో బోటునకో విశేషణమై అంటుకొనియున్నాడు. సంక్రాంతికి కోడిపందెములు చూడ వచ్చువారిని గూర్చి “భీమవరంలో రూములు దొరకట్లేదు” అందుము. ఆ వాక్యములో మనిషి బొత్తిగా లేడు, గది యొక్కటియే కర్త. అదే పండుగకు కొత్త అల్లుడు వచ్చినచో వానికి వాక్యము నిండ చోటు, విస్తరి నిండ పిండివంటలు!

2019 సెప్టెంబరు 15వ తేదీన పాపికొండలు చూడబోయినవారి బోటు దేవీపట్నం ఎగువన కచ్చులూరు వద్ద గోదావరిలో మునిగినది. నదికి వరద, సుడులు గల తావు. హైదరాబాదునుండి, వరంగల్లునుండి, విశాఖపట్టణమునుండి వచ్చిన కుటుంబములు అందులో నుండెను. నాడు ఒడ్డునున్న గిరిజనులు తమ పడవలతో ఎదురేగి ఈదులాడుచున్నవారిని బయటికి లాగిరి. వారు తీసినది మనుష్యులను. తరువాతి దినములలో మన నోట నిలిచిన వాక్యమేది? “బోటు దొరికిందా?” అక్టోబరు 22న కాకినాడ ధర్మాడి సత్యం బృందము ఆ పడవను పైకి తీయువరకు రాష్ట్రమంతయు అడిగినది అదియే. లోపల చిక్కుకొన్నవారికై పడిన ఆరాటమే ఆ ప్రశ్నకు మూలమని నే నెరుగుదును. అయినను వాక్యము బోటును అడిగినది. వరదనాడు బోటు విడువరాదన్న సామాన్యవివేకము ఎవరికిని తోచకపోవుటకు, ఆ బోటులో నున్నవారు అప్పటికే విశేషణములై యుండుటయు నొక హేతువని నా అనుమానము.

ఇందుకు విరుగుడు కొత్త పదమును కల్పించుటలో లేదు; వచ్చువానికి కావలసినదేమో చూచుటలో నున్నది. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830లో చెన్నపట్టణమునుండి కాశికి బయలుదేరి, మరుసటి సంవత్సరము తిరిగివచ్చువరకు వ్రాసిన యాత్రాచరిత్రలో మజిలీ మజిలీకి నీళ్ళెట్లున్నవి, అంగళ్ళున్నవా, దిగుటకు చోటున్నదా అని విడువక నమోదుచేసిరి. త్రోవ నడచువానికి కావలసిన వివరములు రెండువందల ఏండ్లకును మారలేదు: నీరు, నీడ, దిగుచోటు, బయటికి దారి.

2024లో రాష్ట్రప్రభుత్వము బడిపిల్లల మధ్యాహ్నభోజనమునకు సీతమ్మగారి పేరు పెట్టినది, సముచితమైన పని. ఆమె పేరుతోపాటు ఆమె వాక్యమును గూడ నిలుపుకొను అదను దగ్గరలోనే ఉన్నది. రాజమహేంద్రవరమునకు గోదావరి పుష్కరములు 2027లో రానున్నవి. 2015 జూలై 14న, పుష్కరముల తొలినాటి ఉదయముననే, ఈ ఊరి రేవులో తొక్కిసలాట జరిగి ఇరువదేడుగురు మరణించిరి. నాటి లెక్కలన్నియు లక్షలలో నుండెను, “ఇన్ని లక్షలమంది వస్తారు, ఇన్ని లక్షలమంది మునిగారు” అని. రానున్న పుష్కరములకు ప్రకటనలు వ్రాయబోవు అధికారులను, మైకు పట్టబోవు యువకులను, ఇంటిముందు పందిరి వేయబోవు గృహస్థులను నేను కోరున దొక్కటి. “భక్తులు సహకరించవలెను” అను వాక్యముతో మొదలుపెట్టకుడు. “మీకోసం మంచినీళ్ళు ఇక్కడున్నాయండి, మెట్లు అటున్నాయండి, ఈ రేవు నిండిపోయింది, పక్క రేవుకు దారి ఇదండి” అని మన గోదావరిమాటలోనే, వచ్చినవానికి ఎదురుగా నిలిచి చెప్పుడు. చెప్పుటకు ముందు ఆ నీళ్ళు, ఆ మెట్లు, ఆ దారి నిజముగా ఉన్నవో లేవో మీరే నడచి చూచిరండు.